నోటిఫికేషన్ రాకముందే ఫైలు సిద్ధం: ఎంబీబీఎస్ అప్లికేషన్ల మీద ఒక నెట్ సెంటర్ మాట

ఖమ్మం వైరా రోడ్డులో నాది చిన్న నెట్ సెంటర్. రెండు కంప్యూటర్లు, ఒక స్కానర్, ఒక జిరాక్స్ మిషన్, అంతే. మెడిసిన్ సీట్లు ఎంసెట్‌తో ఇచ్చే రోజుల నుంచీ ఇక్కడే కూర్చుని పిల్లల అప్లికేషన్లు నింపుతున్నాను. జూన్ వచ్చిందంటే షట్టర్ సగం ఎత్తకముందే ఎవరో ఒకరు వచ్చి నిలబడతారు. "అక్కా, కాళోజీ నోటిఫికేషన్ పడిందా?" అంటే ఎంబీబీఎస్ సీట్లు భర్తీ చేసే కాళోజీ యూనివర్సిటీ ప్రకటన. పడలేదని చెప్తే మొహం వేలాడేసుకుని వెళ్ళిపోతారు. పొద్దున అడిగినవాళ్ళే సాయంత్రం మళ్ళీ వస్తారు.

నాది కన్సల్టెన్సీ కాదు. సీటు ఇప్పించడం నా వల్ల కాదు. ఇప్పిస్తామని చెప్పేవాళ్ళ దగ్గరికి వెళ్ళొద్దని మాత్రం చెప్పగలను. అప్లికేషన్ నింపుతాను, కాగితాలు స్కాన్ చేస్తాను, తప్పు కనపడితే వెనక్కి పంపిస్తాను. మంచి ర్యాంకు తెచ్చుకుని కాగితం దగ్గర ఇరుక్కుపోయిన పిల్లల్ని ప్రతి ఏడాదీ చూస్తున్నాను కాబట్టి ఇది రాస్తున్నాను. నాకు బాగా తెలిసింది తెలంగాణ సంగతి. ఆంధ్రా పిల్లలకు పనికొచ్చే మాట వచ్చినచోట అదీ చెప్తాను.

లేటు ఎందుకవుతుంది

మెడిసిన్ ప్రవేశ పరీక్ష నీట్ ఫలితాలు రాగానే వారంలో కౌన్సెలింగ్ మొదలవుతుందని చాలామంది అనుకుంటారు. అది గొలుసు వ్యవహారం. పరీక్ష పెట్టే సంస్థ ఎన్‌టీఏ ఫలితాలు ఇవ్వాలి. ఢిల్లీలో మెడికల్ కౌన్సెలింగ్ కమిటీ (ఎంసీసీ) ఆలిండియా కోటా, అంటే దేశమంతటి పిల్లలకూ ఉంచిన సీట్ల షెడ్యూల్ వేయాలి. దాన్ని చూసుకుని మన రాష్ట్రంలో వరంగల్‌లోని కాళోజీ యూనివర్సిటీ, ఆంధ్రాలో విజయవాడలోని ఎన్‌టీఆర్ యూనివర్సిటీ రిజిస్ట్రేషన్లు తెరవాలి. ఆ తర్వాత సర్టిఫికెట్ల వెరిఫికేషన్, మెరిట్ లిస్టు, వెబ్ ఆప్షన్లు (కావాల్సిన కాలేజీలను ఆన్‌లైన్‌లో వరసగా పెట్టుకోవడం). ఈ గొలుసులో ఎక్కడ కోర్టు కేసు పడినా మొత్తం ఆగుతుంది.

2021 నీట్ సెప్టెంబరు 12న జరిగింది, ఫలితాలు నవంబరు 1న వచ్చాయి. ఆలిండియా కోటాలో ఓబీసీ, ఈడబ్ల్యూఎస్ (ఓసీల్లో పేదలు) రిజర్వేషన్ల మీద సుప్రీంకోర్టులో కేసు నడిచి, కౌన్సెలింగ్ 2022 జనవరిలో గానీ మొదలుకాలేదు. సంక్రాంతి ముగ్గులు తుడిచేశాక వెబ్ ఆప్షన్లు పెట్టుకున్న బ్యాచ్ అది. 2024లో మే 5న పరీక్ష, జూన్ 4న ఫలితాలు. పేపర్ లీకు గొడవ నడిచింది. 1,563 మందికి కలిపిన గ్రేస్ మార్కులు తీసేసి, జూన్ 23న వాళ్ళకు మళ్ళీ పరీక్ష పెట్టారు. పరీక్ష రద్దు చేసేది లేదని జులై 23న సుప్రీంకోర్టు తేల్చాక, 26న సవరించిన ఫలితాలు వచ్చాయి. ఎంసీసీ రిజిస్ట్రేషన్ ఆగస్టు 14న తెరుచుకుంది. మన రాష్ట్రంలో ఆ పైన లోకల్ ఎవరనే కేసు కూడా తోడై (దాని సంగతి కింద చెప్తాను), సెప్టెంబరు ఆఖరుకు గానీ ఇక్కడ వ్యవహారం కదల్లేదు.

కాబట్టి లేటవుతుందని ముందే అనుకుని కూర్చోండి. రోజుకు పదిసార్లు వెబ్‌సైట్ తెరిచినంత మాత్రాన నోటిఫికేషన్ రాదు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి యూనివర్సిటీ సొంత సైట్ చూస్తే చాలు. వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే "ఆఫీషియల్ షెడ్యూల్" పీడీఎఫ్‌లు నా దగ్గరికి తెచ్చి ప్రింట్ తీయమనేవాళ్ళు చాలామంది. తీసేముందు నేను చూసేది ఒక్కటే: ఆ కాగితం యూనివర్సిటీ సైట్‌లో ఉందా? పదింట్లో ఆరు ఉండవు.

ఈ ఖాళీ వారాల్లో చేయాల్సిన పని మాత్రం బోలెడుంది. చివరి తేదీ దగ్గర పడ్డాక ఏ ఆఫీసులోనూ మీ ఒక్కరి పనే చేస్తూ కూర్చోరు.

లోకలా, నాన్ లోకలా?

నా షాపులో సగం గొడవలు ఈ ఒక్క ప్రశ్న మీదే. లోకల్ అంటే, ఎక్కడ చదివారన్న దాన్ని బట్టి ఈ రాష్ట్రం పిల్ల కింద లెక్క. రాష్ట్రం కోటా సీటు దాని మీదే ఆధారపడుతుంది. మా జిల్లాలో ఇంకా ఎక్కువ. మధిర, సత్తుపల్లి, ఎర్రుపాలెం వైపు ఇంటర్ అంటే విజయవాడే. హైదరాబాద్ కంటే అదే దగ్గర, మధిరలో రైలెక్కితే గంటన్నర.

2024 జులైలో మధిర నుంచి ఒక ఎరువుల కొట్టాయన కూతుర్ని తీసుకుని వచ్చాడు. అమ్మాయి పదో తరగతి దాకా మధిరలోనే చదివింది. ఇంటర్ విజయవాడలో రెసిడెన్షియల్. ర్యాంకు బాగుంది. ఆయన ఫోన్‌లో అప్పుడే వచ్చిన జీవో 33 చూపించి, "ఇది చదివి చెప్పమ్మా, మా పిల్ల లోకలేగా?" అన్నాడు. నేను చదివాను. తొమ్మిది, పది, ఫస్టియర్, సెకండియర్... వరసగా ఈ నాలుగేళ్ళూ తెలంగాణలోనే చదివి ఉండాలని అందులో ఉంది. ఆయన వేళ్ళ మీద లెక్కపెట్టాడు. తొమ్మిది, పది అని రెండు వేళ్ళు మడిచాడు. మూడో వేలు దగ్గర ఆగిపోయాడు. "మరి ఆంధ్రాలో లోకల్ అవుతుందా?" అక్కడ చదివింది రెండేళ్ళే, కాదు. ఆ చెయ్యి అలాగే పట్టుకుని ఎంతసేపు కూర్చున్నాడో నాకు గుర్తుంది.

ఆయన ఇంకొందరు తల్లిదండ్రులతో కలిసి హైకోర్టుకు వెళ్ళాడు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. చివరికి, కోర్టుకు వెళ్ళిన పిల్లలకు ఆ ఒక్క ఏడాదికి మినహాయింపు ఇచ్చారు. ఆ అమ్మాయికి సీటు వచ్చింది. వాళ్ళ వీధిలోనే, అదే విజయవాడ కాలేజీలో చదివి, దాదాపు అదే ర్యాంకు వచ్చిన ఇంకో అమ్మాయి ఉంది. వాళ్ళ నాన్న కోర్టులెందుకులే అని ఊరుకున్నాడు. ఆ అమ్మాయి ఇప్పుడు బీఫార్మసీ చదువుతోంది.

2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు ఆ నాలుగేళ్ళ నిబంధన సరైనదేనని తీర్పు చెప్పింది. కాబట్టి మళ్ళీ ఎవరో ఆపుతారని కూర్చోవద్దు. పిల్ల ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడే ఈ సంగతి ఆలోచించుకోవాలి. కార్పొరేట్ కాలేజీ పీఆర్వో ఇంటికొచ్చి ఫీజు తగ్గిస్తామంటాడు. ఆ కాలేజీ ఏ రాష్ట్రంలో ఉందో ముందు అడగండి.

దీనికి తోక ప్రశ్నలు కొన్ని ఎప్పుడూ వస్తుంటాయి. "ఇంటర్ ఖమ్మంలో అయింది, నీట్ మళ్ళీ రాయడానికి లాంగ్ టర్మ్ కోచింగ్ విజయవాడలో తీసుకుంది, నాన్ లోకల్ అయిపోయిందా?" కాలేదు. లెక్కపెట్టేది ఇంటర్ పరీక్ష మొదటిసారి రాసిన ఏడాదితో ముగిసే నాలుగేళ్ళు. ఆ తర్వాత కోచింగ్‌కు ఎక్కడికి వెళ్ళినా దానికి సంబంధం లేదు. "మా ఆయన సైన్యంలో ఉన్నాడు, పిల్లలు ఆయన వెంట తిరిగారు" అంటే, దానికి మినహాయింపు ఉంది. సైన్యం, పారామిలటరీ, అఖిల భారత సర్వీసులు, బయటి రాష్ట్రాల్లో పనిచేసిన తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకు కొన్ని షరతుల మీద వర్తిస్తుంది. పోస్టింగు ఎక్కడ, ఎప్పటి నుంచి ఎప్పటి దాకా అనేది ఆఫీసు వాళ్ళు కాగితం మీద రాసివ్వాలి. అది రావడానికి నెల పట్టినా పడుతుంది, ఇవాళే అడగండి. బడికి వెళ్ళకుండా ప్రైవేటుగా కట్టి రాసినవాళ్ళు స్టడీ సర్టిఫికెట్ల బదులు నివాసం చూపించాలి.

ఆంధ్రాలో ఏయూ (ఆంధ్రా యూనివర్సిటీ), ఎస్వీయూ (శ్రీ వెంకటేశ్వర యూనివర్సిటీ) అని రెండు లోకల్ ప్రాంతాలు. అక్కడా చివరి నాలుగేళ్ళ చదువే మొదటి లెక్క. నాలుగేళ్ళు ఒకేచోట కుదరకపోతే, ఏడేళ్ళలో ఎక్కువ కాలం ఎక్కడ చదివారో చూస్తారు. అందుకే ఆరో తరగతి నుంచి కాగితాలు అడుగుతారు.

స్టడీ సర్టిఫికెట్లలో చూడాల్సినవి

తెచ్చుకున్నాం కదా అని ఫైల్లో పెట్టేయకండి. కూర్చుని చదవండి. ఒకబ్బాయి తెచ్చిన దాంట్లో ఎనిమిదో తరగతి ఎదుట 2018-19, తొమ్మిదో తరగతి ఎదుట కూడా 2018-19 అని ఉంది. హెడ్మాస్టరు గారు చూసుకోకుండా సంతకం పెట్టారు, అబ్బాయి చూసుకోకుండా తెచ్చుకున్నాడు. వెరిఫికేషన్‌లో అది పట్టుబడితే ఒక ఏడాది లోటు కింద లెక్క. బడి పది కిలోమీటర్ల దూరంలోనే ఉంది కాబట్టి సరిపోయింది, మధ్యాహ్నానికి కొత్తది రాయించుకొచ్చాడు. అదే చివరి రోజు అయితే?

వరస చూడండి: ఒక ఏడాది ముగిసిన దగ్గరే ఇంకోటి మొదలవ్వాలి. బడి పేరు, ఊరు, మండలం, జిల్లా స్పష్టంగా ఉండాలి. సంతకం కింద గుండ్రటి సీలు పడాలి. జిల్లాలు విడిపోయాక పాత సర్టిఫికెట్ల మీద ఒక జిల్లా, కొత్తవాటి మీద ఇంకో జిల్లా ఉంటుంది. దానికి కంగారుపడక్కర్లేదు, బడి ఒకటే అని తెలిస్తే చాలు.

కరోనా తర్వాత మూతబడిన ప్రైవేటు స్కూళ్ళు చాలా ఉన్నాయి. ఆ పిల్లలు నిజంగా కష్టపడతారు. మూతబడ్డ బడి రికార్డుల గురించి మండల విద్యాశాఖ ఆఫీసులో వాకబు చేయాలి. అక్కడ దొరక్కపోతే డీఈఓ ఆఫీసు. ఒక్కరోజులో తేలదు, రెండు మూడుసార్లు తిరగాల్సి వస్తుంది. నోటిఫికేషన్ లేటయిందని తిట్టుకునే బదులు ఈ తిరుగుడు ఇప్పుడే తిరగండి.

మార్కులు, వయసు, బయాలజీ

అర్హత నీట్‌తో పాటు ఇంటర్‌లోనూ ఉండాలి. ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి ఓసీలకు 50 శాతం, బీసీ, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం. తెలంగాణ బోర్డులో ఇప్పటిదాకా నా దగ్గరికి వచ్చిన బైపీసీ మెమోల్లో బయాలజీ అంటే బోటనీ, జువాలజీ రెండు, కాబట్టి ఆ నాలుగు సబ్జెక్టులకూ రెండేళ్ళ థియరీ, ప్రాక్టికల్స్ కలిపి 600. అంటే 300 లేదా 240 రావాలి. మొత్తం వెయ్యికి వచ్చిన మార్కులు చూసుకుని మురిసిపోవద్దు, సంస్కృతం, ఇంగ్లిషు ఈ లెక్కలోకి రావు. ఇంగ్లిషు పాసవ్వాలి, అంతే.

వయసు: చేరే ఏడాది డిసెంబరు 31కి 17 నిండాలి. ఒక టీచరు దంపతులు పిల్లాణ్ణి చిన్నప్పుడే ఒక క్లాసు దాటించారు. పుట్టింది జనవరి 4. నాలుగు రోజుల తేడాతో ఆ ఏడాది అప్లికేషన్ కూడా తీసుకోలేదు. వాళ్ళమ్మ నా ముందే వాళ్ళాయన్ని చూసిన చూపు నేను రాయలేను. గరిష్ఠ వయసు పరిమితి మాత్రం 2022 నుంచి లేదు. 30 దాటిన స్టాఫ్ నర్సు ఒకావిడ నా దగ్గరే నీట్ అప్లికేషన్ పెట్టుకుంది.

"మా వాడు ఎంపీసీ, ఇప్పుడు డాక్టర్ అవుతానంటున్నాడు" అనే కేసులు ఏటా రెండు మూడు వస్తాయి. ఇదివరకు గుర్తింపు ఉన్న బోర్డులో రెండేళ్ళూ బయాలజీ చదివి ఉండాల్సిందే అనేవారు. 2023 నవంబరులో మెడికల్ చదువుల్ని నియంత్రించే ఎన్‌ఎంసీ పబ్లిక్ నోటీసు ఇచ్చింది: ఇంటర్ అయ్యాక బయాలజీని అదనపు సబ్జెక్టుగా గుర్తింపు ఉన్న బోర్డు నుంచి పాసైనా నీట్ రాయవచ్చని. ఇది విని ఏ ఇన్‌స్టిట్యూటో ఇచ్చే కోర్సు సర్టిఫికెట్ తెచ్చుకోవద్దు. బోర్డు మెమో కావాలి. డబ్బు కట్టేముందు కాళోజీ యూనివర్సిటీకి మెయిల్ రాసి, ఫలానా బోర్డు మెమో తీసుకుంటారా అని అడగండి. జవాబు వస్తే ప్రింట్ తీసి ఫైల్లో పెట్టండి.

మెయిల్ రాయడం కూడా ఒక పనే. పిల్లలు రెండు పేజీల కథ రాస్తారు, పై నుంచి "ప్లీజ్ సార్, నా జీవితం" అని. ఎవరు చదువుతారు? పేరు, నీట్ రోల్ నంబరు, ఒక వాక్యంలో ప్రశ్న, దానికి సంబంధించిన ఒక్క కాగితం. చాలు. హెల్ప్‌లైన్‌లో నోటితో చెప్పిన మాట రేపు మీకు ఆధారంగా పనికిరాదు. ఆ ఏడాది ప్రాస్పెక్టస్‌లో ఉన్నదే చెల్లుతుంది, పోయినేడాది ప్రాస్పెక్టస్ కూడా కాదు.

మీసేవ కాగితాలు

ఇక్కడ తేదీయే ముఖ్యం. ఓబీసీ నాన్ క్రీమీలేయర్ (సంపన్న శ్రేణిలో లేరని చూపేది), ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్లు ఆ ఆర్థిక సంవత్సరానివి ఉండాలి. అంటే ఏప్రిల్ 1 తర్వాత తీసినవి. పోయినేడాది అన్నయ్య ఇంజనీరింగ్‌కు తీసింది ఉందిగా అని తెస్తారు, పనికిరాదు. ఈడబ్ల్యూఎస్‌కు కుటుంబ ఆదాయం ఏడాదికి 8 లక్షల లోపు ఉండాలి. ఏప్రిల్, మే నెలల్లో మీసేవలో పెట్టినవాళ్ళకు నాలుగైదు రోజుల్లో వస్తుంది. నోటిఫికేషన్ పడ్డాక పెట్టినవాళ్ళు తహశీల్దార్ సంతకం కోసం ఆఫీసు మెట్ల మీద కూర్చుంటారు.

బీసీలకు ఇంకో మెలిక ఉంది. రాష్ట్రానికి బీసీ-ఏ, బీసీ-బీ, బీసీ-డీ అని ఇచ్చే కుల సర్టిఫికెట్ వేరు. ఆలిండియా కోటాకు కేంద్రం ఫార్మాట్‌లో ఓబీసీ సర్టిఫికెట్ వేరు. రెండూ తీసుకోండి. మీ కులం రాష్ట్ర జాబితాలో ఉండి కేంద్ర జాబితాలో లేకపోతే అక్కడ ఓసీ కిందే లెక్క. నీట్ అప్లికేషన్‌లో అది చూసుకునే టిక్కు పెట్టండి. ఎస్సీ పిల్లలు ఇంకొకటి గుర్తుంచుకోవాలి: 2025 ఏప్రిల్ నుంచి తెలంగాణలో ఎస్సీల్లో మూడు గ్రూపులు వచ్చాయి, మీ గ్రూపు ఏదో తెలుసుకుని కొత్త సర్టిఫికెట్ తీసుకోవడం మంచిది.

పేర్ల గురించి చెప్పాలంటే ఒక రాత్రి పడుతుంది. పదో తరగతి మెమోలో గుగులోత్, ఆధార్‌లో గుగులోతు, కుల సర్టిఫికెట్‌లో జి అని పొడి అక్షరం. మనకు ముగ్గురూ ఒకడే. కంప్యూటర్‌కు ముగ్గురు. పదో తరగతి మెమోనే మూలంగా పెట్టుకుని, మిగిలినవి దానికి సరిపోయేలా దిద్దించుకోండి. ముందు ఆధార్, ఆ తర్వాత మీసేవవి. ఆధార్ మారకుండా మీసేవకు వెళ్తే మళ్ళీ పాత పేరే వస్తుంది.

నేను చేసిన తప్పు

ఒక సంగతి ఒప్పుకోవాలి. మొదట్లో, ఫోన్ సరిగ్గా లేని వాళ్ళకు నా నంబరే పెట్టి అప్లికేషన్లు నింపేదాన్ని. సాయం చేస్తున్నాననే అనుకునేదాన్ని. ఒకసారి కూసుమంచిలో పెళ్ళిలో ఉన్నాను, భోజనాల పంక్తిలో. సాయంత్రం 5 గంటల 20 నిమిషాలకు ఫోన్ చూస్తే పొద్దున్నే వచ్చిన మెసేజ్: ఫలానా అభ్యర్థి టీసీ స్కాన్ స్పష్టంగా లేదు, సాయంత్రం 6 లోపు మళ్ళీ అప్‌లోడ్ చేయండి. అబ్బాయి ఇంటికి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తరు. షాపులో ఉన్న మా తమ్ముడు పాత ఫోల్డర్లన్నీ వెతికి, ఒరిజినల్ స్కాన్ దొరకబట్టి, సైజు తగ్గించి ఎక్కించేసరికి 5 గంటల 48 నిమిషాలు. ఆ పన్నెండు నిమిషాలు తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో దేవినట్టు ఉంటుంది.

అప్పటి నుంచి నా నంబరు ఎవరికీ పెట్టను. నీట్ అప్లికేషన్‌లో ఇచ్చే ఫోను, మెయిలు కౌన్సెలింగ్ ముగిసేదాకా మీ చేతిలోనే ఉండాలి. రీఛార్జ్ అయిపోయి సిమ్ ఆగిపోకూడదు. కాలేజీ వాళ్ళు తయారుచేసిన మెయిల్ అయితే పాస్‌వర్డ్ అడిగి తీసుకోండి. నెట్ సెంటర్ కంప్యూటర్‌లో లాగిన్ అయితే లాగౌట్ చేసి వెళ్ళండి, నా షాపులో కూడా.

స్కాన్ విషయంలో: ఫోన్‌తో మంచం మీద పెట్టి తీసిన ఫొటో వద్దు. మీ బెడ్‌షీట్ మీది పువ్వులు వెరిఫికేషన్ ఆఫీసరు చూడాల్సిన పనిలేదు. ఒరిజినల్‌ను స్కానర్ మీద పెట్టి రంగుల్లోనే తీయండి. సీలు నీలం రంగు కనపడాలి. పెద్ద సైజుది ఒకటి, తగ్గించింది ఒకటి దాచుకోండి.

వెరిఫికేషన్ తర్వాత తాత్కాలిక మెరిట్ లిస్టు వస్తుంది. అందులో ర్యాంకు ఒక్కటే చూసి సంబరపడతారు. కులం, లోకల్, ఆడ-మగ గడులు కూడా చూడండి. అభ్యంతరం చెప్పడానికి ఇచ్చే సమయం చాలా తక్కువ.

వేరే కోర్సులో చేరి ఆగేవాళ్ళకు

లేటు వల్ల ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. మెడిసిన్ ఎప్పుడు తేలుతుందో తెలియదు, డిగ్రీ కాలేజీల ఆన్‌లైన్ అడ్మిషన్ దోస్త్‌లో సీటు వచ్చింది, లేదా ఫార్మసీ వచ్చింది, ఏడాది పోతుందేమోనని చేరతారు. చేరడం తప్పని అనను. కానీ చేరేటప్పుడు టీసీతో సహా ఒరిజినల్స్ అన్నీ ఇచ్చేసి ఖాళీ చేతులతో వస్తారు.

2024లో ఒకబ్బాయి అలాగే ఒక ప్రైవేటు కాలేజీలో చేరాడు. అక్టోబరులో ఎంబీబీఎస్ సీటు వచ్చింది, రిపోర్టింగ్‌కు నాలుగు రోజులు. ఒరిజినల్స్ అడిగితే మొత్తం కోర్సు ఫీజు కట్టి తీసుకుపొమ్మన్నారు. వాళ్ళ నాన్న ఆటో నడుపుతాడు. రెండు రోజులు ఆ కాలేజీ గేటు దగ్గరే గడిచిపోయాయి. ఒరిజినల్స్ దగ్గర పెట్టుకోకూడదని, ఫీజు వాపసు ఎలా ఇవ్వాలో యూజీసీ 2018 అక్టోబరులో ఇచ్చిన నోటిఫికేషన్‌లోనే ఉంది. అది ప్రింట్ తీసి, దాంతోపాటు ఒక పేజీ దరఖాస్తు నేనే టైప్ చేసిచ్చాను. ప్రిన్సిపాల్‌కు ఇచ్చి, రెండో కాపీ మీద ముద్ర వేయించుకోమన్నాను. మూడో రోజు సాయంత్రం ఇచ్చారు, ఆ ఏడాది ఫీజు మాత్రం వదులుకోవాల్సి వచ్చింది.

మీరు చేరేటప్పుడే మూడు పనులు చేయండి. ఇచ్చిన ఒరిజినల్స్ ఏమేమిటో రాసి కాలేజీ సీలుతో రసీదు తీసుకోండి. ఎన్ని ఒరిజినల్స్ తప్పనిసరో అడిగి, అవి మాత్రమే ఇవ్వండి. ఇచ్చేముందు అన్నీ రంగుల్లో స్కాన్ చేయించండి, ముఖ్యంగా టీసీ వెనకవైపు కూడా.

లాంగ్ టర్మ్ వాళ్ళకు చేరిన తర్వాత గ్యాప్ ఎందుకొచ్చిందని అఫిడవిట్ అడిగే కాలేజీలు ఉన్నాయి. నోటరీ దగ్గర ముందే చేయించుకుంటే మంచిది.

ఢిల్లీ కౌన్సెలింగ్, ఇక్కడి కౌన్సెలింగ్

ఆలిండియా కోటా అంటే ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం సీట్లు. దానికి ఎంసీసీలో వేరే రిజిస్ట్రేషన్. రాష్ట్రానికి పెడితే అదీ పెట్టినట్టే అనుకునేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. డిపాజిట్ ఓసీలకు 10 వేలు, రిజర్వేషన్ వాళ్ళకు 5 వేలు. డీమ్డ్ యూనివర్సిటీలకైతే 2 లక్షలు. డబ్బు వెనక్కి వచ్చేది ఏ ఖాతా నుంచి కట్టారో ఆ ఖాతాకే, కాబట్టి మా ఖాతా నుంచో పక్కింటాయన కార్డుతోనో కట్టొద్దు.

మొదటి రౌండ్‌లో వచ్చిన సీటులో చేరకపోయినా నష్టం లేదు. రెండో రౌండ్‌లో చేరకపోతే డిపాజిట్ పోతుంది. మూడో రౌండ్ దాకా వచ్చి చేరితే ఇక వదిలి ఇంకో కౌన్సెలింగ్‌కు వెళ్ళనివ్వరు. మిగిలిన సీట్లకు పెట్టే ఆఖరి స్ట్రే రౌండ్‌లో వచ్చిన సీటు వద్దంటే మరుసటి ఏడాది నీట్ రాయడానికే ఉండదు. "ఊరికే పెట్టి చూద్దాం" అనే మాట మొదటి రౌండ్‌కు సరిపోతుంది గానీ, స్ట్రే రౌండ్‌కు సరిపోదు. ఎంసీసీ సీటు వదులుకుని రాష్ట్రం సీటుకు వస్తే, రాజీనామా కాలేజీ వాళ్ళు ఆన్‌లైన్‌లోనే చేసి, అందులోంచి వచ్చిన లెటర్ ఇవ్వాలి. తెల్లకాగితం మీద రాసిచ్చింది చెల్లదు.

వెబ్ ఆప్షన్ల గురించి నా అభిప్రాయం ఒక్కటి. పోయినేడాది కటాఫ్ చూసి "ఇది మనకు రాదులే" అని పై కాలేజీలు వదిలేయకండి. నిజంగా ఇష్టమైన వరసలోనే పెట్టండి, రాకపోతే కిందిది వస్తుంది. 2022లో కొత్తగూడెం, 2023లో మా ఖమ్మం, ఇలా జిల్లాకొక ప్రభుత్వ కాలేజీ రావడంతో లిస్టు పొడవైంది, పేర్లు ఒకేలా ఉంటాయి. కాలేజీ పేరు, కోడ్ రెండూ కాగితం మీద రాసుకుని రండి. ఇంట్లో నలుగురూ మాట్లాడుకుని వచ్చాక కంప్యూటర్ ముందు కూర్చోండి. నా షాపులో మౌస్ పట్టుకుని అమ్మానాన్నలు పోట్లాడుకుంటుంటే వెనక క్యూలో ఉన్నవాళ్ళకు కష్టం.

రిపోర్టింగ్‌కు వెళ్ళేరోజు అలాట్‌మెంట్ లెటర్, నీట్ అడ్మిట్ కార్డు, ర్యాంకు కార్డు, పది, ఇంటర్ మెమోలు, ఆరు నుంచి ఇంటర్ దాకా స్టడీ సర్టిఫికెట్లు, టీసీ, కుల, ఆదాయ కాగితాలు, ఆధార్, ఫొటోలు. ఒరిజినల్స్ ఒక ఫైలు, జిరాక్స్ మూడు సెట్లు ఇంకో ఫైలు. నీట్ అప్లికేషన్‌లో పెట్టిన ఫొటోనే మరో డజను తీయించి ఉంచుకోండి. ఒరిజినల్స్ ఫైలు బస్సులో పైన లగేజీ బెర్తు మీద పెట్టకండి, ఒళ్ళో పెట్టుకోండి.

ఆదివారాలు నా షాపు మూసే ఉంటుంది. చివరి తేదీ ఆదివారం పడితే మాత్రం పొద్దున ఏడింటికే తెరుస్తాను. మెడలో ఒరిజినల్స్ సంచీ వేసుకుని వస్తే చాలు, పెన్నూ గమ్మూ నా దగ్గరున్నాయి.